మాను పేరున్న ఊళ్ళో తుక్కు చెక్కల తమాషాలు

జంషెడ్‌పూర్ నగరానికి ఉత్తరాన, సువర్ణరేఖ నదికి ఆవలి ఒడ్డున ఉన్న పేట పేరు మాంగో. ఇంగ్లీషు అక్షరాలలో ఈ పేరు చూచినవారికి మామిడిపండు గుర్తుకు రావడం సహజం. స్థానికులు మాత్రం దానిని 'మాన్‌గో' అని పలుకుతారు. ఆ పలుకులో మామిడి లేదు. మన తెలుగు చెవికి మాత్రం అందులో 'మాను' వినిపిస్తుంది. ఇది చెవి చేసే చమత్కారమే గాని వ్యుత్పత్తి కాదు. అయినను ఈ నెల మనం ముచ్చటించుకోబోయే విషయానికి ఆ చమత్కారం చక్కగా అతుకుతుంది. మనం చెప్పుకోబోయేది మాను గురించే. అందులోనూ ఎవరికీ అక్కరలేక మూలన పడిన మాను గురించి.

ఈ ప్రాంతం తెలుగువారికి కొత్తది కాదు. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో సాక్చీ గ్రామం వద్ద మొదటి ఉక్కు దిమ్మ పోతపోసిన నాటినుండి దేశం నలుమూలలనుంచీ పనివారు ఇక్కడికి వచ్చి చేరారు. 1919లో సాక్చీకి జంషెడ్‌పూర్ అనే పేరు వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుండి 'టాటా'కు రైలెక్కిన వారి సంతతి నేడు అక్కడ మూడు నాలుగు తరాలుగా నిలదొక్కుకున్నది. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు కంటికి కనిపించే సాక్ష్యం.

అలా వచ్చినవారిలో ఎందరో ఉద్యోగమున్నంతకాలం కంపెనీ క్వార్టర్లలో కాపురముంటారు. పదవీ విరమణ నాటికి క్వార్టరు ఖాళీ చేయవలసి వస్తుంది. అప్పుడు సొంత ఊరికి వెళ్ళిపోయేవారు కొందరు. నది దాటి మాంగో వంటి పేటలలో చిన్న ఇల్లు ఏర్పరచుకునేవారు కొందరు. ఇల్లు మారే ఆ రోజున ప్రతి కుటుంబానికీ ఒకే ప్రశ్న ఎదురవుతుంది: ఈ విరిగిన మంచం పట్టెను ఏం చేయాలి? ఈ కాలు పోయిన పీటను, తలుపు ఊడిన ఈ అలమారను ఏం చేయాలి? బరువుకు తూచి అమ్మితే వచ్చేది నాలుగు రూపాయలు. కాని ఆ మంచం మీద ఒక తరం పుట్టి పెరిగింది. ఆ పీట మీద పెళ్ళికొడుకును చేశారు. అమ్మబుద్ధి కాదు, ఉంచుకోవడానికి చోటు చాలదు.

ఈ చిక్కుకు ఒక మధ్యేమార్గం ఉన్నది. మంచం మొత్తం అక్కరలేదు. మంచంలోని ఒక జానెడు ముక్క చాలు. దానితో ఒక చేపనో, ఏనుగునో, ఆటపలకనో చేసి మనుమల చేతికి ఇవ్వవచ్చును. వస్తువు పోయినా చెక్క మిగులుతుంది. చెక్కతోపాటు కథ మిగులుతుంది.

ఉక్కు పట్నంలో చెక్కకు చోటెక్కడ?

ఇనుము కరిగే ఊళ్ళో చెక్కపని ఏమిటని సందేహించనక్కరలేదు. ఇనుప పోతపనికి మొదటి మెట్టు చెక్కే. యంత్రభాగాన్ని పోతపోయడానికి ముందు దాని ఆకారాన్ని చెక్కతో తయారుచేసి, ఇసుకలో ఒత్తి, ఆ ముద్రలో కరిగిన లోహాన్ని పోస్తారు. ఈ చెక్క నమూనాలను చేసేవారు సామాన్యమైన వడ్రంగులు కారు. పోత ఇనుము చల్లారేటప్పుడు నూటికి సుమారు 1 వంతు, ఉక్కు సుమారు 2 వంతులు కుదించుకుపోతాయి. కనుక నమూనా ఆ మేరకు పెద్దదిగా ఉండాలి. అందుకోసం వారు వాడే కొలబద్ద కూడా మామూలు కొలబద్ద కన్న కాస్త సాగినట్లు ఉంటుంది. ఉక్కు ఎంత గట్టిదైనా, దాని రూపురేఖలను మొదట నిర్ణయించేది మెత్తని చెక్క ముక్క అన్నమాట.

ఇంక తుక్కు చెక్క సంగతి. కర్మాగారాలున్న ఊళ్ళో యంత్రాలు పెట్టెలలో వస్తాయి; ఆ పెట్టెలు చెక్కవి. విదేశీ యంత్రమైతే పెట్టె చెక్క కూడా విదేశీయమే. ఐరోపాలో మంచు కురిసే కొండల మీద పెరిగిన పైన్, స్ప్రూస్ చెట్ల పలకలు సముద్రాలు దాటి వచ్చి, యంత్రాన్ని దించిన మరుక్షణం పొయ్యిలోకి పోతుంటాయి. కళాప్రియులు అపురూపమైన దూరదేశపు చెక్క కోసం వేలు పోయడానికి వెనుకాడరు. ఆ అపురూపం కొన్నిసార్లు మన పెరటి గోడకు ఆనించి ఉంటుంది.

నిజానికి 'అపురూపం' అన్నమాట మనం నిలుచున్న చోటును బట్టి మారుతుంది. మాంగోవారికి సాల చెక్క నిత్యం కంటికి కనిపించేదే. సింగ్‌భూమ్ అడవులలో ప్రధాన వృక్షమదే. తెలుగులో మనం గుగ్గిలం చెట్టు అనేది దీనినే. కాని గుంటూరులోనో, రాజమండ్రిలోనో ఉన్నవారికి అది వింత. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి చెక్క మాంగోలో వింత. బల్సా అనే దక్షిణ అమెరికా చెక్క ఘనపు మీటరు బరువు సుమారు 160 కిలోలే. చేతిలో పెడితే దూదిమూటలా ఉంటుంది. అదే అమెరికా ఖండపు లిగ్నం వైటీ చెక్క నీటిలో వేస్తే రాయిలా మునుగుతుంది. ఒకప్పుడు ఓడల చోదక చక్రపు ఇరుసులకు దానితోనే బేరింగులు చేసేవారు. ఇంత వైవిధ్యం ఉన్న పదార్థం మన చేతికి అందుబాటులో ఉండగా, ఒక్క చెక్కతోనే తృప్తిపడడం ఎందుకు?

ముక్కను పరిచయం చేసుకోవడం

తుక్కు చెక్క తన పేరు చెప్పదు. మనమే కనుక్కోవాలి. ఒక మూల చిత్రిక పట్టి లోపలి రంగు చూడండి. గోటితో నొక్కి చూడండి. చేతిలో తూచి చూడండి. వాసన చూడండి.

మామిడి చెక్క లేత రంగులో, అక్కడక్కడ ముదురు చారలతో ఉంటుంది. తేలికగా కోతకు లొంగుతుంది. అందుకే పెట్టెలకు, చౌక తలుపులకు వాడతారు. తేమ తగిలితే బూజుపట్టడం, పురుగు పట్టడం దీని బలహీనతలు. టేకును చిత్రిక పట్టినప్పుడు తోలు వంటి వాసన వస్తుంది, చేతికి కాస్త జిడ్డుగా తగులుతుంది. శీశం, జిట్రేగి జాతుల చెక్క గోధుమ రంగునుండి నల్లని ఊదా వరకు చారలు తేరి, ఉప్పుకాగితంతో రుద్దినకొద్దీ అద్దంలా తేలుతుంది. పనస కొత్తగా కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండి, ఏళ్ళు గడిచినకొద్దీ ఎర్రబారుతుంది; బొబ్బిలి వీణకు ప్రాణం పోసేది ఈ పనస చెక్కే. సాల చెక్క మహా బరువు, మహా మొండి. మేకు కొడితే మేకే వంగుతుంది. దానితో నాజూకు పనికి పూనుకోవద్దు. పీటకో, ఆటపలకకో మాత్రం దానిని మించినది లేదు.

మంచి చెక్కలో రెండు భాగాలుంటాయి: మధ్యనుండే ముదురు రంగు చేవ, అంచుననుండే లేత చెక్క. పురుగు మొదట పట్టేది లేత చెక్కనే. అయితే ఈ రెండు రంగులూ కలిసిన ముక్క దొరికితే పారవేయకండి. పిట్ట బొమ్మకు వీపు ముదురుగా, పొట్ట తెల్లగా దానంతట అదే అమరిపోతుంది. రంగు వేయవలసిన పనిలేదు.

పుణ్యానికి వచ్చిన చెక్కకు పళ్ళు లెక్కపెట్టాలి

పుణ్యానికి ఇచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదంటారు. చెక్క విషయంలో ఆ సామెత చెల్లదు. పసిపిల్ల చేతికి వెళ్ళే ఏ వస్తువైనా చివరకు నోటికి చేరుతుంది. అందుచేత ఈ భాగాన్ని దాటవేయకుండా చదవవలసిందిగా మనవి.

మొదటిది, పెట్టెచెక్క. దేశాల మధ్య తిరిగే చెక్క పెట్టెలతో పురుగులు కూడా ప్రయాణం చేస్తాయి. దానిని అరికట్టడానికి 2002లో ఒక అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడింది. దాని ప్రకారం పెట్టెచెక్క మీద ధాన్యపు వెన్ను వంటి గుర్తు, దేశపు సంకేతాక్షరాలు, శుద్ధి చేసిన పద్ధతి ముద్రిస్తారు. 'హెచ్.టి.' అని ఉంటే చెక్క నడిబొడ్డు వరకు 56 డిగ్రీల సెంటిగ్రేడు వేడి 30 నిమిషాలపాటు తగిలిందని అర్థం. 'ఎం.బి.' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో పొగబెట్టారని అర్థం. మొదటి రకాన్ని ఎంచుకోండి. రెండవ రకాన్ని పిల్లల వస్తువులకు వాడకండి. ఇంకొక మాట. ఈ ముద్ర పురుగు చచ్చిందని మాత్రమే చెబుతుంది. ఆ పెట్టె మీద దారిలో ఏ నూనె, ఏ రసాయనం ఒలికిందో చెప్పదు. మరకలున్న పలక, వింత వాసన గల పలక ఏ ముద్ర వేసుకున్నా పనికిరాదు.

రెండవది, రైలుపట్టాల కింది పాత చెక్క దిమ్మలు. రైల్వేలు కాంక్రీటు దిమ్మలకు మారినప్పటినుండి పాతవి అక్కడక్కడ అమ్మకానికి వస్తుంటాయి. చాలా రకాల చెక్క దిమ్మలను చెదపట్టకుండా క్రియోజోటు అనే తారు నూనెలో నానబెట్టేవారు. అది చర్మానికే మంచిది కాదు, నోటికి అసలే కాదు. నూనె పట్టని సాల దిమ్మ అయినా, ఏళ్ళ తరబడి బండి నూనెలు, మురికి పీల్చుకుని ఉంటుంది. దానితో తోటలో బెంచీ చేయడానికి కూడా ఆలోచించాలి. బొమ్మ చేయడం మాట తలపెట్టవద్దు. పొయ్యిలో కాల్చడం అంతకన్నా ప్రమాదం.

మూడవది, పాత రంగు. పూర్వం ఇంటి రంగులలో సీసం విరివిగా కలిపేవారు. మన దేశంలో ఇళ్ళ రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదనే నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుండి అమలయింది. అంతకు ముందు రంగు వేసిన తలుపును ఉప్పుకాగితంతో రుద్దితే సీసపు ధూళి ఇల్లంతా పరుచుకుంటుంది. పాత రంగు పొరలున్న చెక్కను రుద్దవద్దు. పక్కన పెట్టి రంగు లేని ముక్కను తీసుకోండి.

నాలుగవది, మేకులు. పైకి కనిపించని విరిగిన మేకు ఒక్కటి చాలు, కొత్త రంపం పళ్ళు రాలిపోవడానికి. ఒక అయస్కాంతాన్ని ముక్క పొడవునా జరిపి చూడండి. ఎక్కడ అతుక్కుంటే అక్కడ మేకున్నట్లు. ఉక్కు పట్నంలో అయస్కాంతానికి కొరతేముంది?

ఐదవది, పొట్టు. చెక్క ధూళి చూడడానికి సాధువే గాని, దీర్ఘకాలం పీల్చితే ముక్కు లోపల క్యాన్సరుకు కారణం కాగలదని 1995లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ నిర్ధారించింది. ఆరుబయట పనిచేయండి. ముక్కుకు గుడ్డ కాదు, సరైన మాస్కు కట్టుకోండి. ముక్కలను అతికించి చేసే పార్టికల్ బోర్డు, ప్లైవుడ్ వంటి వాటిలో బంక రసాయనాలుంటాయి; చెక్కడపు పనికి అవి వద్దు.

ఇక చట్టం మాట. మాంగోకు ఉత్తరాన కనిపించే దల్మా కొండలు ఏనుగులకు ఆశ్రయమిచ్చే అభయారణ్యం. అక్కడినుండి ఎండిన కొమ్మ తెచ్చుకోవడం కూడా తగదు. ఎర్రచందనం పేరు చెప్పి ఎవరైనా ముక్క ఇవ్వజూపితే చేతులు జోడించి పంపివేయండి. శేషాచలం, నల్లమల వంటి కొద్దిపాటి కొండలలోనే సహజంగా పెరిగే ఆ చెట్టు 1995 నుండి అంతర్జాతీయ రక్షణ జాబితాలో ఉన్నది. శీశం, జిట్రేగి చేరిన డాల్బెర్జియా కుటుంబమంతా 2017లో అదే జాబితాకు ఎక్కింది. ఆ చెక్క కావాలంటే పాత కుర్చీ కాలునుండి తీసుకోవడం అన్నివిధాలా గౌరవప్రదం. చెట్టు ఎప్పుడో పడిపోయింది. దానికి రెండో జన్మ ఇచ్చిన పుణ్యం మనది.

చేయదగినవి మూడు

పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. సన్నని అలుగున్న రంపం, రెండు ఉలులు, ఒక ఆకురాయి, ఒక బర్మా, మూడు రకాల ఉప్పుకాగితం, తెల్ల జిగురు. ఇవి ఉంటే వారం పది సాయంత్రాలలో ఈ మూడింటిని పూర్తిచేయవచ్చును.

చారల చేప: దొరికిన చెక్కలన్నింటినుండి 15 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు, 1 సెంటీమీటరు మందం గల పలకలు నాలుగో ఐదో కోయండి. మామిడి పక్కన శీశం, శీశం పక్కన పైన్, పైన్ పక్కన టేకు అన్నట్లు లేతదీ ముదురుదీ ఒకదాని పక్కన ఒకటి వచ్చేటట్లు పేర్చండి. అన్ని పలకలలోనూ చెక్క నార ఒకే దిక్కుకు, అంటే చేప పొడవునా సాగాలి. గాలిలో తేమ పెరిగినప్పుడు చెక్క అడ్డంగా ఉబ్బుతుంది గాని పొడవునా దాదాపు సాగదు. నారలు అడ్డదిడ్డంగా ఉంటే ఒక వర్షాకాలం గడిచేసరికి అతుకు విచ్చుకుంటుంది. టేకు వంటి జిడ్డు చెక్కలను అతికించేముందు స్పిరిటుతో తుడిస్తే జిగురు బాగా పడుతుంది. బిగించడానికి ఖరీదైన సాధనమెందుకు? పాత సైకిలు ట్యూబును పొడవుగా కత్తిరించి, సాగదీసి చుట్టండి. ఒక రాత్రి వదిలివేయండి. తెల్లవారి దిమ్మ మీద చేప బొమ్మ గీసి, రంపంతో కోసి, ఆకురాయితో గుండ్రం చేయండి. అంచులు గుండ్రమయ్యేకొద్దీ చారలు వంపులు తిరిగి పొలుసుల్లా కనిపిస్తాయి. ఆ వింత చేసేవారికే ముందుగా దక్కుతుంది. తోక మొదలు సన్నగా ఉన్నా విరగదు. నార దాని గుండా సాగుతున్నది కదా!

తల్లి ఏనుగు, పిల్ల ఏనుగు: దల్మాను చూస్తూ పెరిగే పిల్లలకు ఇంతకన్న తగిన బొమ్మ ఏముంటుంది? 4 సెంటీమీటర్ల మందం గల పలక కావాలి. పాత మంచం కోడు, దూలపు ముక్క సరిపోతాయి. 15 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల ఎత్తు గల ముక్క మీద తల్లి ఏనుగును గీయండి. దాని నాలుగు కాళ్ళకు మారుగా ముందొకటి వెనుకొకటి రెండు లావుపాటి కాళ్ళు చాలు. ఆ కాళ్ళ నడుమ, పొట్ట కింద, పిల్ల ఏనుగు గీత గీయండి. పిల్ల వీపు వంపే తల్లి పొట్ట వంపు. కింది అంచునుండి రంపం మొదలుపెట్టి ఆ గీత వెంబడి కోస్తే ఒకే చెక్కలోనుండి రెండు ఏనుగులు వస్తాయి. ఇక్కడ నార నిలువుగా ఉండాలి. ఏనుగు కాళ్ళు, తొండం నిలువుగా ఉంటాయి గదా. నార అడ్డంగా ఉంటే తొండం మొదటి రోజే విరిగిపోతుంది. ఆడుకున్నంతసేపు పిల్ల ఏనుగు బయట తిరుగుతుంది. ఆట ముగిసిన తరువాత తల్లి పొట్ట కింద దూరి నిద్రపోతుంది. దాచుకోవడానికి పెట్టె కూడా అక్కరలేదు.

వామనగుంటల పలక: వేసవి మధ్యాహ్నాలలో అమ్మమ్మలతో ఆడిన ఈ ఆటను ఎరుగని తెలుగు ఇల్లు ఉండేది కాదు. ఆఫ్రికా ఖండమంతటా ఇదే జాతి ఆటలు మంకాలా అనే పేరుతో ప్రసిద్ధం. 45 సెంటీమీటర్ల పొడవు, 14 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల మందం గల బరువైన పలక తీసుకోండి. సాల చెక్క దొరికితే శ్రమ రెట్టింపవుతుంది, మన్నిక పదింతలవుతుంది. వరుసకు 7 చొప్పున రెండు వరుసలు, మొత్తం 14 గుంటలు. ఒక్కొక్క గుంట వ్యాసం 5 సెంటీమీటర్లు, లోతు 1.5 సెంటీమీటర్లు, గుంటకూ గుంటకూ నడుమ 1 సెంటీమీటరు ఎడం. గుండ్రని నోరున్న ఉలితో అంచునుండి మధ్యకు దిగండి. మధ్యనుండి అంచుకు వస్తే చెక్క పెచ్చులూడుతుంది. ఆటకు చింతగింజలు, గవ్వలు వాడండి. ఎర్రగా ముచ్చటగా ఉంటాయని గురివింద గింజలు మాత్రం ఇవ్వవద్దు. గురివింద నలుపు ఎరగదని సామెత చెబుతుంది గాని, దాని అసలు దోషం నలుపు కాదు, లోపలి విషం. నలిగిన గింజ పిల్లల కడుపులోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

మూడేళ్ళ లోపు పిల్లలకు ఏ వస్తువు ఇవ్వవచ్చునో తేల్చుకోవడానికి బొమ్మల భద్రతా ప్రమాణాలలో ఒక తేలిక పరీక్ష ఉన్నది. 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల చిన్న గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే ఏ ముక్క అయినా గొంతులో అడ్డుపడగలదు. చింతగింజ ఆ పరీక్షలో తప్పినట్లే. మన చేప, మన ఏనుగు నెగ్గుతాయి. పిల్ల ఏనుగును గీసేటప్పుడే ఈ కొలత గుర్తుంచుకోండి.

లక్క తగిలితేనే నిండుదనం

చెక్కను నున్నగా చేసిన తరువాత పై పూత మాట వస్తుంది. ఇక్కడ మాంగోవారికి ఒక అదృష్టమున్నది. మన దేశంలో లక్క అధికంగా పండించే రాష్ట్రం జార్ఖండ్. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు స్రవించే జిగురే లక్క. దానిపై పరిశోధనకై 1924లో రాంచీ సమీపాన నామ్‌కుమ్‌లో నెలకొన్న సంస్థ 2022లో జాతీయ ద్వితీయక వ్యవసాయ సంస్థగా పేరు మార్చుకుని ఈనాటికీ పనిచేస్తున్నది.

రేకులుగా దొరికే లక్కను లీటరు స్పిరిటుకు 150 నుండి 200 గ్రాముల వరకు కలిపి ఒక రోజు నాననిచ్చి, వడగట్టి, మెత్తని గుడ్డతో పలుచగా నాలుగైదు పూతలు వేయండి. స్పిరిటు మంటకు దగ్గరి చుట్టం. పొయ్యి దరిదాపులలో ఈ పని కూడదు. పూత తరువాత స్పిరిటు పూర్తిగా ఆవిరయ్యేటందుకు కొన్నాళ్ళు గాలికి ఉంచండి. ఇంకా పసిపాపల కోసమైతే తేనెమైనం ఒక పాలు, కొబ్బరినూనె మూడు పాళ్ళు వేడినీటి గిన్నెలో నిలిపి కరిగించి పట్టిస్తే చాలు. అవిసె నూనె వాడేవారికి ఒక హెచ్చరిక: ఆ నూనె పీల్చిన గుడ్డను ఉండచుట్టి మూలన పడవేస్తే దానంతట అదే వేడెక్కి అంటుకోగలదు. విప్పి ఆరబెట్టి, ఆ తరువాతనే పారవేయాలి.

లక్కను చెక్కకు పట్టించే విద్యలో మన ఏటికొప్పాకవారు ఆరితేరినవారు. వరాహ నది ఒడ్డున, నేటి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఆ గ్రామంలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని ఆనిస్తారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి చెక్కకు పట్టుకుంటుంది. రసాయనపు రంగులు వచ్చి ఆ పనిని ముంచెత్తిన రోజులలో పసుపు, నీలి, జాఫ్రా వంటి చెట్టు చేమల రంగులను తిరిగి నిలబెట్టేటందుకు కృషిచేసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ రాజపథం మీద, నేటి కర్తవ్యపథం మీద, ఆంధ్రప్రదేశ్ శకటం ఆ బొమ్మలతోనే సాగింది. లక్కపిడతలతో గుజ్జనగూళ్ళు ఆడిన ప్రతి తెలుగు ఆడపడుచుకూ అది పుట్టింటి ఊరేగింపే.

కొండపల్లి వారి పద్ధతి మరొకటి. తేలికైన తెల్ల పొణికిలో తల, చేతులు, మొండెం విడివిడిగా చెక్కి, చింతగింజల బంకలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆ పద్ధతిలో ఒక పాఠమున్నది: రంపం కింద రాలిన పొట్టు కూడా వృథా కాదు. మన చేపలో ఎక్కడైనా సందు మిగిలితే, అదే చెక్క పొట్టును జిగురులో కలిపి నింపండి. ఆరిన తరువాత రుద్దితే అతుకు ఎక్కడున్నదో చేసినవారికే తెలియదు.

ఎవరి చేతుల కోసం?

ఈ పని వల్ల పిల్లలకు బొమ్మ దొరుకుతుంది, నిజమే. కాని దొరికేది పిల్లలకే కాదు. ముప్పైఐదేళ్ళు కొలిమి పక్కన, తరిమెన పక్కన మిల్లీమీటరులో పదోవంతు తేడాను పట్టుకున్న చేతులు పదవీ విరమణ మరునాటి ఉదయం ఒక్కసారిగా ఖాళీ అవుతాయి. కన్ను అదే, కొలత అదే, ఓపిక అదే. పని మాత్రం లేదు. అటువంటి చేతులకు రంపపు పిడి అందించడం చిన్న విషయం కాదు. ఇంట్లో ఎవరైనా అలా ఉంటే పుట్టినరోజుకు శాలువా కప్పడం మాని, సన్నని అలుగు రంపం ఒకటి కొనిపెట్టండి. ఎదురుగా మనుమణ్ణో, మనుమరాలినో కూర్చోబెట్టండి. ఉప్పుకాగితం పిల్లల చేతికి, ఉలి పెద్దల చేతికి. తాతగారు తెలుగులో చెబుతారు. పిల్ల హిందీలో అడుగుతుంది. నార, చేవ, చిత్రిక, ఉలి, బర్మా, తరిమెన అనే మాటలు బడి పుస్తకంలో చదివితే మరచిపోతారు. వేలికి పొట్టు అంటిన నాడు నేర్చుకుంటే ఆ పిల్ల వాటిని తన పిల్లలకు కూడా చెబుతుంది.

బొమ్మ పూర్తయిన తరువాత దాని అడుగున పెన్సిలుతో రెండు మాటలు వ్రాయండి: ఏ వస్తువు చెక్క, ఏ సంవత్సరం. 'నాయనమ్మ మంచం కోడు' అనో, 'పాత క్వార్టరు వంటింటి పీట' అనో. దాని మీద ఒక పూత లక్క వేస్తే ఆ వ్రాత చెరగదు. ఇల్లు ఎన్నిసార్లు మారినా, నది ఏ ఒడ్డున స్థిరపడినా, ఆ ఏనుగు జేబులో ఇమిడి వెంట వస్తుంది.